తాతయ్య పెట్టెలో రేడియో లైసెన్సు దొరికింది, ఇంతకీ ఆకాశవాణి ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

నిద్రగన్నేరు:
మొన్న అటక మీద సామాన్లు దించుతుంటే తాతయ్య ట్రంకుపెట్టె అడుగున చిన్న పుస్తకం ఒకటి కనబడింది. బ్యాంకు పాస్‌బుక్కేమో అనుకుని తెరిచా. చూస్తే రేడియో లైసెన్సు! లోపల వరసగా స్టాంపులు అంటించి ఉన్నాయి, వాటి మీద పోస్టాఫీసు ముద్రలు, 1962 నుంచి ఏటా పదిహేను రూపాయలు కట్టినట్టు. నాన్నని అడిగితే "అవును, అప్పట్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాల్సిందే" అని మామూలు విషయంలా చెప్పేసి మళ్లీ పేపర్లో తల దూర్చారు. నాకు మాత్రం వింతగా ఉంది. గాల్లో వచ్చేదానికి డబ్బు కట్టడమేంటి?

ఆ డబ్బు నేరుగా ఆకాశవాణికే వెళ్లేదా? ఎప్పుడు ఎత్తేశారు, ఎందుకు ఎత్తేశారు? ఇప్పుడు ఆకాశవాణి, దూరదర్శన్ దేనిమీద నడుస్తున్నాయి? ఈ రెండిటినీ నడిపే ప్రసార భారతి స్వయంప్రతిపత్తి గల సంస్థ అని బిట్ల కోసం బట్టీ పట్టాం కానీ, జీతాలు ప్రభుత్వమే ఇస్తుంటే అదేం స్వయంప్రతిపత్తి? తెలిసినవాళ్లు చెప్పండి, ఓపికుంటే వివరంగా.

ఏరియల్‌తీగ:
ముందు ఆ పుస్తకం పారేయకండి. మా ఇంట్లోది చెదలు తినేసింది, ఇప్పటికీ బాధే.

గాల్లో వచ్చేదానికి డబ్బేంటి అన్నారు చూడండి, అసలు కథంతా ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది. మన దేశంలో రేడియో మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు. 1923లో బొంబాయిలో, కలకత్తాలో, 1924లో మద్రాసులో సరదా ఉన్నవాళ్లు క్లబ్బులు పెట్టుకుని ప్రసారాలు చేశారు. మద్రాసు క్లబ్బుకి మూడేళ్లకే డబ్బు అయిపోయింది, 1927లో మూసేసి ట్రాన్స్‌మిటర్ని నగర కార్పొరేషన్ చేతిలో పెట్టేశారు. అదే ఏడాది జులై 23న ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ బొంబాయి స్టేషన్ తెరిచింది, వైస్రాయ్ ఇర్విన్ వచ్చి ప్రారంభించాడు. ఆగస్టులో కలకత్తా కూడా. వాళ్ల రాబడి ఎలాగంటే, రేడియో ఉన్న ప్రతివాడూ ఏడాదికి పది రూపాయలు లైసెన్సు కట్టాలి, అందులో ఎనిమిది కంపెనీకి. దిగుమతి అయ్యే రేడియో సామాను ధరలో పది శాతం కూడా వాళ్లకే. కాగితం మీద లెక్క బాగానే కుదిరింది. కట్టేవాడేడీ? దేశం మొత్తం మీద లైసెన్సులు ఎనిమిది వేలు దాటలేదు. 1930 మార్చికల్లా కంపెనీ దివాలా.

ఏప్రిల్ 1న ప్రభుత్వం రెండేళ్లు చూద్దాం అని తీసుకుంది. 1931 అక్టోబరులో ఇక మన వల్ల కాదు, మూసేద్దాం అంది కూడా! రేడియోలు అమ్ముకునేవాళ్లు, కొనుక్కున్నవాళ్లు గోల పెడితే నెల తిరిగేసరికి వెనక్కి తగ్గింది, 1932లో శాశ్వతం చేసింది. దిగుమతి సుంకం పెంచి ఆ డబ్బుతో నెట్టుకొచ్చారు. 1933లో వైర్‌లెస్ చట్టం తెచ్చి లైసెన్సు లేకుండా సెట్టు ఉంచుకోవడమే నేరం చేశారు. బీబీసీ నుంచి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ 1935లో పగ్గాలు పట్టాడు, 1936 జూన్ 8 నుంచి ఆలిండియా రేడియో అన్న పేరు. ఆకాశవాణి అన్న మాట మాత్రం వాళ్లది కాదు. 1935లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి అనే ప్రొఫెసరు సొంతంగా నడిపిన స్టేషన్‌ది. మన హైదరాబాద్ స్టేషన్ కూడా అసలు నిజాం ప్రభుత్వపు డెక్కన్ రేడియో, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. విజయవాడ 1948 డిసెంబరు 1న మొదలైంది.

ఇక లైసెన్సు సంగతి. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురందితే మా వీధిలో సగం రేడియోలు బియ్యం డబ్బాల వెనక్కి, పరుపుల కిందికి పోయేవి. సెట్టు దాచొచ్చు కానీ డాబా మీద రెండు గడలకి కట్టిన ఏరియల్ తీగని ఎవరు దాచగలరు? ఆయన తలెత్తి పైకి చూసుకుంటూ నడిచేవాడు, ఇంటి తలుపు కొట్టేది తర్వాత. ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ తీగలు పోయాయి, ఆయన పని కూడా కష్టమైంది.

రెండోబ్యాండు:
@ఏరియల్‌తీగ గారూ, పరుపుల కింద రేడియో అంటే మా నానమ్మే గుర్తొచ్చింది 😀 ఆవిడైతే రేడియో మీద చీర మడత పెట్టి కూర్చునేదట.

జమాఖర్చు:
డబ్బు సంగతి నేను చెప్తాను, ఇదే నా పిచ్చి.

మొదట ఒక పొరపాటు సరిదిద్దాలి. మీ తాతగారు కట్టిన పదిహేను రూపాయలు నేరుగా ఆకాశవాణికి వెళ్లలేదు. ఇంగ్లండులో బీబీసీకి లైసెన్సు డబ్బు బీబీసీ పేరు మీదే ఉంటుంది, జనం కూడా మా డబ్బుతో నడుస్తోంది అనుకుంటారు. మన దగ్గర 1997 దాకా ఆకాశవాణి, దూరదర్శన్ రెండూ సమాచార ప్రసార శాఖ కింద మామూలు ప్రభుత్వ విభాగాలు. లైసెన్సు డబ్బు పోస్టాఫీసు వసూలు చేసి, వసూలు ఖర్చు పట్టుకుని, మిగతాది ఖజానాలో వేసేది. ఆకాశవాణికి ఎంత ఇవ్వాలన్నది బడ్జెట్లో ఏటా ప్రభుత్వం తేల్చేది. అంటే వినేవాడు కట్టాడు నిజమే, కానీ ఆ కట్టినదానికీ స్టేషన్‌కీ మధ్య ఢిల్లీ కూర్చుంది. నా లెక్కలో ఈ ఒక్క ముక్కలోనే మీ ప్రశ్నలకి సగం జవాబు ఉంది.

ప్రకటనలు కూడా చాలాకాలం తీసుకోలేదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార మంత్రి అయ్యాక శాస్త్రీయ సంగీతం పెంచి సినిమా పాటలు తగ్గించేశారు. జనం ముల్లు తిప్పి శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పట్టారు. మన కంపెనీలు మన శ్రోతల కోసమే అక్కడ ప్రకటనలు ఇచ్చేవి, డబ్బు సముద్రం దాటేది, ఇక్కడ మనం లైసెన్సు స్టాంపులు అంటించుకుంటూ కూర్చున్నాం. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టింది అందుకే. అయినా దాంట్లో ప్రకటనలకి ఇంకో పదేళ్లు పట్టింది. ప్రభుత్వం వేసిన అశోక్ చందా (ఆయన పేరండీ) కమిటీ చెప్పిన తర్వాత 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూర్లలో మొదలయ్యాయి. దూరదర్శన్‌లో 1976 జనవరి 1 నుంచి. అదే ఏడాది ఏప్రిల్లో దూరదర్శన్ని ఆకాశవాణి నుంచి వేరు చేశారు.

టీవీకి కూడా లైసెన్సు ఉండేదండీ, ఏడాదికి యాభై. 1982లో రంగుల టీవీ వచ్చి, ఊరూరా ట్రాన్స్‌మిటర్లు వేసి, స్పాన్సర్డ్ సీరియళ్లు మొదలయ్యాక ప్రకటనల డబ్బు ఎంతలా వచ్చిందంటే, ఆదివారం పొద్దున పురాణం సీరియల్‌కి ముందు వచ్చే ప్రకటనలు చూసేసరికే కాఫీ అయిపోయేది. ఇంకోపక్క పదిహేను, యాభై రూపాయలు ఇంటింటికీ తిరిగి వసూలు చేయడం తలనొప్పి. 1980ల మధ్యలో లైసెన్సులు ఎత్తేశారు. ఎవరూ ఏడవలేదు. 1991 తర్వాత శాటిలైట్ చానెళ్లు వచ్చి ఆ ప్రకటనల్ని ఎత్తుకుపోయాయి, అప్పటికి లైసెన్సూ లేదు.

ఇప్పటి సంగతి. ప్రసార భారతికి ప్రభుత్వం ఏటా 2,500 కోట్ల పైచిలుకు గ్రాంటు ఇస్తోంది, అందులో దాదాపు అంతా జీతభత్యాలకే. మిగతా రోజువారీ ఖర్చు వాళ్లు సంపాదించుకోవాలి. ప్రకటనలు, టవర్లు ప్రైవేటు ఎఫ్ఎం వాళ్లకి అద్దెకివ్వడం, అన్నిటికంటే దూరదర్శన్ సొంత డీటీహెచ్ అయిన డీడీ ఫ్రీ డిష్. 2004లో మొదలైన ఈ ఫ్రీ డిష్‌కి చూసేవాడు నెలనెలా పైసా కట్టక్కర్లేదు, కానీ దాంట్లో చోటు కావాలంటే ప్రైవేటు చానెళ్లు వేలంలో పాడుకోవాలి. చిత్రం చూడండి, దూరదర్శన్‌ని దెబ్బకొట్టిన చానెళ్లే ఇప్పుడు దాని మీద ఎక్కడానికి క్యూ కడుతున్నాయి. కొత్త పరికరాలకి వేరే డబ్బు: 2023 జనవరిలో బైండ్ అనే పథకానికి 2,539.61 కోట్లు మంజూరైంది, 2025-26 దాకా.

సరదాగా ఒక లెక్క. 2,500 కోట్లని 140 కోట్ల మందికి పంచితే మనిషికి ఏడాదికి పద్దెనిమిది రూపాయలు. లైసెన్సు పోయింది అనుకుంటున్నాం కానీ రేడియో లేనివాడు కూడా కడుతూనే ఉన్నాడు, స్టాంపు అంటించట్లేదు అంతే.

నిద్రగన్నేరు:
@జమాఖర్చు గారూ, ఆ పద్దెనిమిది రూపాయల లెక్క చూసి నాన్నకి చదివి వినిపించా. "అప్పటి పదిహేనుతో ఏమేం వచ్చేవో తెలుసా" అని మొదలుపెట్టారు, అది వేరే సబ్జెక్టు.

కానీ నా చివరి ప్రశ్న అలాగే ఉండిపోయింది. 1997లో ప్రసార భారతి అయ్యాక కూడా జీతాలు ప్రభుత్వమే ఎందుకిస్తోంది?

ముక్కుసూటి:
ఆ ప్రశ్నకి నేను తగులుకుంటా. ఇందులో మనవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో చాలామందికి తెలియదు, అదొక బాధ.

ఎమర్జెన్సీలో ఆలిండియా రేడియోని జనం ఆలిందిరా రేడియో అన్నారు. ఆ దెబ్బకి 1977లో వచ్చిన జనతా ప్రభుత్వం బి.జి. వర్గీస్ కమిటీ వేసింది, వాళ్లు ఆకాశ్ భారతి అని ఒక ట్రస్టు పెట్టమన్నారు. అది అటకెక్కింది, మీ తాతగారి పుస్తకంలాగే. మళ్లీ వి.పి. సింగ్ ప్రభుత్వంలో సమాచార మంత్రి మన పర్వతనేని ఉపేంద్ర. ఆయన హయాంలోనే 1990లో ప్రసార భారతి చట్టం పాసైంది. రెండు నెలలకే ప్రభుత్వం పడిపోయింది. చట్టం అమల్లోకి రావాలంటే తేదీ ప్రకటించాలి, ఆ తేదీ ఏడేళ్లు ఎవరూ ప్రకటించలేదు! పార్లమెంటు పాస్ చేసిన చట్టం ఏడేళ్లు బీరువాలో. ఈలోగా 1995 ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ సొత్తు కాదు అని తీర్పిచ్చింది. ఆ బెంచిలో విడిగా తీర్పు రాసినాయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మనవాడే. చివరికి గుజ్రాల్ ప్రభుత్వంలో జైపాల్ రెడ్డి మంత్రిగా ఉండగా 1997 సెప్టెంబరు 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది, నవంబరు 23న సంస్థ ఏర్పడింది.

చట్టం మరీ చెడ్డదేం కాదు. బోర్డు ఛైర్మన్ని, సభ్యుల్ని ఎంపిక చేసే కమిటీలో రాజ్యసభ ఛైర్మన్, ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్, రాష్ట్రపతి నియమించిన ఒకరు ఉంటారు. మంత్రి లేడు చూడండి. కానీ డబ్బు దగ్గరికొచ్చేసరికి పార్లమెంటు ఆమోదంతో ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు అని పెట్టారు. ఏటా చేయి చాచాలి. ఇక ఉద్యోగులు వాళ్లంతా ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరినవాళ్లు, పెన్షన్ పోతుందేమో అని భయం, అది సహజమే. ఏళ్ల తరబడి నలిగి నలిగి, 2007 అక్టోబరు 5 నాటికి ఉన్నవాళ్లందరినీ ప్రభుత్వోద్యోగులుగానే, డెప్యుటేషన్ మీద ఉన్నట్టు లెక్కగట్టాలని చట్టం సవరించారు. పేరుకి కార్పొరేషన్, లోపల మనుషులు ప్రభుత్వోద్యోగులు, జీతం ఖజానా నుంచి. సొంతంగా ఉద్యోగుల్ని తీసుకునే రిక్రూట్‌మెంటు బోర్డు 2020లో గానీ రాలేదు. మధ్యలో ఖాళీలు ఖాళీలుగానే ఉండిపోయాయి, చాలా స్టేషన్లలో మైకు ముందు వినబడేది డ్యూటీ లెక్కన వచ్చే క్యాజువల్ అనౌన్సర్లే.

నన్నడిగితే లైసెన్సు ఎత్తేసిన రోజే శ్రోత మాట చెల్లకుండా పోయింది. పదిహేను రూపాయలు కట్టినవాడు స్టేషన్‌కి ఉత్తరం రాసి "నా డబ్బు" అనగలడు. పన్నులోంచి కడుతున్నవాడికి కడుతున్నట్టే తెలియదు, ఇంక ఏమడుగుతాడు?

రెండోబ్యాండు:
@ముక్కుసూటి గారూ, చరిత్ర బాగా చెప్పారు కానీ ముగింపుతో నేను ఒప్పుకోను. లైసెన్సు కట్టిన కాలంలోనే కదా ఎమర్జెన్సీ వచ్చింది? అప్పుడు ఎంతమంది "నా డబ్బు" అన్నారు? జమాఖర్చు గారు చెప్పిందే నిజం, డబ్బు ఎవరు కట్టారన్నది కాదు, ఏ గుమ్మం గుండా వెళ్లిందన్నది ముఖ్యం. ఖజానా గుమ్మం గుండా వెళ్తే పదిహేనైనా పదిహేను వందలైనా ఒకటే.

పైగా బయట లైసెన్సు పద్ధతి ఏమంత సుఖంగా ఉంది? బీబీసీ లైసెన్సు 2025లో 174.50 పౌండ్లు, మన డబ్బుల్లో ఇరవై వేలకి అటూ ఇటూ. టీవీయే చూడం, ఫోన్లో చూసుకుంటాం అని మానేసేవాళ్లు పెరుగుతున్నారు. ఫ్రాన్స్ 2022లో ఎత్తేసింది. జర్మనీ వాళ్లు ఇంకో దారి పట్టారు, ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోలు కట్టాల్సిందే. మనదగ్గర కరెంటు బిల్లులో అలాంటిది కలిపితే ఏమవుతుందో ఊహించుకోండి, బిల్లు చూసే ముందే ధర్నా.

జమాఖర్చు:
ధర్నా మాట నిజమే 😀

ఇంకో రాబడి మర్చిపోయా, క్రికెట్. 2007 చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసార హక్కులు ఎవరు కొన్నా సిగ్నల్ ప్రసార భారతికి ఇవ్వాలి. దానిమీద వచ్చే ప్రకటనల డబ్బులో టీవీకైతే తక్కువలో తక్కువ 75 శాతం హక్కులున్నవాళ్లకి, మిగిలింది ప్రసార భారతికి. కానీ 2017లో సుప్రీంకోర్టు ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత ట్రాన్స్‌మిటర్లలో, ఫ్రీ డిష్‌లో మాత్రమే వేసుకోవాలి, కేబుల్లోకి, ప్రైవేటు డీటీహెచ్‌లోకి పోకూడదు అంది. మన ఇంట్లో కేబుల్లో డీడీ పెడితే మ్యాచ్ రాదు, పక్కింటి ఫ్రీ డిష్‌లో వస్తుంది. మా బావమరిది ఇప్పటికీ కేబులబ్బాయినే తిడతాడు, పాపం.

గోరింక:
ఎంతసేపూ రాబడే మాట్లాడుతున్నారు, ఖర్చు ఎందుకన్నది కూడా చూడాలి కదండీ. ఆకాశవాణి 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారం చేస్తోంది. ఏ ప్రైవేటు ఎఫ్ఎం వాడు సవర భాషలో మాట్లాడతాడు? వాడికి దాంట్లో పైసా రాదు. తుఫాను రోజు కరెంటు పోయి, సెల్ టవరు పడిపోతే చివరికి మిగిలేది బ్యాటరీ రేడియోనే. పొద్దున భక్తిరంజని, రైతుల కార్యక్రమం, నాటకాలు, ఇవన్నీ లాభం చూసుకుంటే ఒక్కటీ ఉండదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన వాటాకి వచ్చినవి ఆరు స్టేషన్లు, జనాభాలో నూటికి పదకొండు మందికి వినబడేది. ఇప్పుడు దాదాపు అందరికీ వినబడుతుంది. ఆ టవర్లన్నీ ప్రకటనల డబ్బుతో లేవలేదు.

ముక్కుసూటి:
@గోరింక గారూ, ఖర్చు పెట్టొద్దని ఎవరన్నారు? పెట్టినవాడి మాటే వార్తల్లో వినబడకూడదు అంటున్నా. ఇంకో సంగతి గమనించండి, ప్రైవేటు ఎఫ్ఎంలకి సొంత వార్తలు చదివే అనుమతి ఈ రోజుకీ లేదు, ఆకాశవాణి బులెటిన్ వేసుకోవచ్చు అంతే. తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పి ముప్పై ఏళ్లయింది, రేడియోలో వార్తల మీద మాత్రం ఒక్కరిదే హక్కు. గ్రాంటు ఏటా అడుక్కోకుండా ఐదేళ్లకో పదేళ్లకో ఒకేసారి చట్టంలో రాసేస్తే కొంతైనా నయం, మధ్యలో ఎవరూ కుళాయి కట్టేయలేరు. @రెండోబ్యాండు గారు అన్న గుమ్మం మాట నేను ఒప్పుకుంటున్నా, కానీ గుమ్మం మార్చడం కంటే తాళం చెవి మార్చడం తేలిక.

రెండోబ్యాండు:
ఇది బాగుంది. దీనికి నా ఓటు.

నిద్రగన్నేరు:
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఇందాక పుస్తకం మళ్లీ తీసి ఆఖరి దాకా చూశా. స్టాంపులు 1979 దాకా ఉన్నాయి, తర్వాత పేజీలు ఖాళీ. మానేశారా, రేడియో పాడైందా అని నాన్నని అడిగితే నవ్వి, "పాడవలేదు, తాతయ్య దాన్ని పరుపు కింద పెట్టడం నేర్చుకున్నాడు" అన్నారు.

సెట్టు కూడా అటక మీదే ఉంది. దుమ్ము దులిపి ప్లగ్గు పెడితే లైటు వెలిగింది, గరగర తప్ప ఏమీ రావట్లేదు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ దగ్గరే కదా? ముల్లు 700 దాటి కదలట్లేదు, ముల్లుని లాగే దారం తెగిందేమో. @ఏరియల్‌తీగ గారూ, ఆ దారం ఎక్కడైనా దొరుకుతుందా?

ఏరియల్‌తీగ:
దొరకదు కానీ చేపల గాలానికి వాడే సన్న నైలాన్ తాడు సరిపోతుంది. ముందు ప్లగ్గు తీసేయండి, పాత వాల్వు సెట్టయితే లోపల కరెంటు కాసేపు నిలవ ఉంటుంది, వెంటనే చెయ్యి పెట్టొద్దు. వెనక అట్ట విప్పి ఫోటో పెట్టండి, దారం ఏ చక్రం మీంచి ఎటు తిరగాలో గీసి చూపిస్తా. ముల్లు కదిలితే ముందు 738 పట్టుకోండి, అక్కడ హైదరాబాద్ ఉంటుంది, అక్కణ్ణుంచి కొంచెం పైకి జరిపితే విజయవాడ. ఏరియల్‌కి నాలుగు గజాల తీగ కిటికీ బయటికి వేయండి. ఇన్‌స్పెక్టరు రాడులెండి.